కొసరోడు

పన్నెండులోంచి ఒకటి తీసేస్తే పదకొండు. ఇందులో తప్పెక్కడుందో చెప్పినవాళ్లకు దండం పెడతాను. పదహారు రోజులుగా ఈ ఒక్క తీసివేతే చేస్తున్నాను. కాగితం మీద చేశాను, వేళ్ల మీద చేశాను, అన్నం కలుపుకుంటూ చేశాను. ప్రతిసారీ పదకొండే వస్తోంది.

నా పేరు మైలపల్లి నూకరత్నం. పుట్టింది సిక్కోలు తీరాన ఈతలపేట అనే జాలరి ఊళ్లో. పనిచేసేది దక్షిణ ధ్రువం అంచున ఉన్న ఒక పరిశోధన కేంద్రంలో. కేంద్రమనగానే పెద్దగా ఊహించుకోకండి. రెండు రేకుల గదులు, ఒక జనరేటరు, నలుగురు మనుషులు. ఈ తీసివేత మొదలైన రోజున ఇద్దరు నమూనాల కోసం మంచు మీదికి వెళ్లారు. మిగిలింది నేనూ, మా కేంద్రం పెద్ద బారువా గారూ. ఆయనది అస్సాం, నెమ్మదస్తుడు. నాకేమో కోపం ముక్కు మీదే ఉంటుంది. అందుకే మా ఇద్దరికీ సరిపోయింది.

ఆరేళ్లుగా నేను చేస్తున్న పదార్థానికి కాగితాల్లో నోరు తిరగని పేరొకటి ఉంది. మేం మాత్రం దాన్ని ‘తోడు’ అంటాం. గోరువెచ్చటి పాలలో చెంచాడు పెరుగు వేస్తే గిన్నెడు పాలూ తోడుకుంటాయి కదా, ఇదీ అంతే. మంచు కింద బతికే ఒక సూక్ష్మజీవిలోంచి తీసిన ప్రోటీన్. ఇక్కడి చల్లటి సముద్రపు నీళ్లలో గ్లాసెడు పోస్తే ఒక గదికి పట్టే నీరంతా నిమిషంలోపే రాయిలా బిగుసుకుపోతుంది. మళ్లీ కరగాలంటే ఆవిరి పెట్టాల్సిందే. బీటలు వారిన మంచు దారులు అతకడానికి పనికొస్తుందని మొదలుపెట్టాం. మొదటిసారి తొట్టిలో వేసిన రోజు చప్పట్లు కొట్టుకున్నాం. తర్వాత చూస్తే తొట్టి అడుగున, మేమెవరం గమనించని చిన్న చేపొకటి తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. ఆ రోజే నియమం పెట్టుకున్నాం. తోడు వేసే ముందు నీళ్లలో ప్రాణి ఏదీ లేదని ఇద్దరు చూడాలి, ఇద్దరూ సరేననాలి.

ఇక్కడ ఇప్పుడు ఎండాకాలం. సూర్యుడు అస్తమించడు. ఆ రోజు గడియారం చూసి మధ్యాహ్నమైందనుకుని భోజనానికి కూర్చోబోతుంటే వైర్‌లెస్ సెట్టు గరగరమంది. తొమ్మిది కిలోమీటర్ల దూరంలో ఒక చేపల పడవకు మంచుగడ్డ తగిలి పక్క చీరుకుపోయింది. పడవంటే మన తెప్ప కాదు, నెలల తరబడి ఈ చలి సముద్రాల్లో వేటాడే ఇనుప ఓడ. బారువా గారు ఇంగ్లీషులో అడుగుతున్నారు. అవతలివాళ్లకు సగం అర్థమవుతోంది, సగం కావడం లేదు. ఆ గొడవలో వెనకనుంచి ఎవరో, “ఓలమ్మ, ఈడు సెప్పింది ఏటో తెలవట్లేదురా,” అనడం నా చెవిన పడింది. నేను ఆయన చేతిలోంచి సెట్టు లాక్కున్నాను.

“అన్నా, ఏ ఊరు మీది?”

అవతల ఎవరో సెట్టు అందుకున్నారు.

“నువ్వెవులమ్మా? ఇక్కడ తెలుగేటి?”

“నాది ఈతలపేట. ముందు సంగతి చెప్పు.”

“నేను సూరాడ ముత్యాలునమ్మా, ఇంజిను చూసీవోణ్ని. మాది నెయ్యిలపేట, మీకు మూడూళ్లవతల. ఐసుగడ్డ కొట్టీసి పక్క చీరీసింది. ఇంజిను గదిలో నడుం లోతు నీల్లు. పంపు ఆడిస్తన్నాను. సరంగు దానయ్య పైనున్నాడు.”

“మొత్తం ఎంతమంది?”

“పన్నెండుమందిమి.”

“అందర్నీ పైకి రమ్మను. నువ్వూ పంపు వదిలేసి వచ్చెయ్యి. మేం వస్తున్నాం.”

“సరేనమ్మా,” అన్నాడు. అంతే, సెట్టు మూగబోయింది. మళ్లీ ఎంత పిలిచినా పలకలేదు.

మా లాంచీ విరిగిన మంచులో దారి చేసుకుంటూ అక్కడికి చేరాలంటే రెండు గంటలు. ఆ పడవకు అంత ఆయుష్షు లేదు. అరగంటైనా ఆగుతుందో లేదో అన్నారు బారువా గారు. ఇక మిగిలింది తోడే. సామాన్లు మోసే పెద్ద డ్రోన్‌కు తోడు డబ్బా కట్టి, గొట్టం వేలాడదీసి, చీరుకుపోయిన చోట లోపలికి వదిలితే ఇంజిను గదిలో నీరంతా గడ్డకట్టి చిల్లుకు బిరడా పడుతుంది. ఇంతవరకూ ఎవరూ చేసింది లేదు. డ్రోన్ ఎగిరేదాకా నాకు ఇంకో ఆలోచనే రాలేదు.

తెర మీద పడవ కనపడింది. ఒక పక్కకు ఒరిగిపోయి ఉంది. పైతట్టున నారింజరంగు కోట్లలో మనుషులు. గాలికి నీటితుంపర లేచి కెమెరా అద్దం మసకబారుతోంది. నేను లెక్కపెట్టాను. పదిమంది ఒకచోట గుంపుగా ఉన్నారు. ముందు కొనలో, మావాళ్లు అణియం అంటారు, ఒకడు ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. పదకొండు. బారువా గారు లెక్కపెట్టారు. ఆయనకూ పదకొండే.

“పన్నెండని కదా చెప్పారు. ఒకడు లోపలే ఉన్నాడు. తోడు వేయడానికి వీల్లేదు,” అన్నారాయన.

“లేడు సార్. ఆ పన్నెండోవాడు లేడు.”

ఆయన నాకేసి అయోమయంగా చూశారు. చూడరూ మరి. ఈ లోకంలో ఈ సంగతి తెలిసినవాళ్లు నాలుగైదు ఊళ్ల వాళ్లే.

మా తీరాన ఒక ఆచారం ఉంది. వేటకు వెళ్లినవాళ్లు ఎంతమందని ఎవరడిగినా ఒకణ్ని కలిపి చెబుతారు. ఏడుగురైతే ఎనిమిది అంటారు. సముద్రం గడుసు బేరగత్తె, కొసరు అడక్కుండా వదలదని మావాళ్ల నమ్మకం. అందుకని లేని మనిషినొకణ్ని ముందే లెక్కలో పెడతారు, అడిగితే వాణ్ని తీసుకోమని. వాడి పేరు కొసరోడు. పడవ తిరిగొచ్చి ఒడ్డెక్కాకే అసలు లెక్క నోటితో అనాలి. ఆరేళ్లప్పుడు నేను ఒడ్డున నిలబడి, “నాన్నోళ్లు ఐదుగురే కదా, ఆరంటారేటి?” అన్నాను. అమ్మ నా నోటి మీద కొట్టిన దెబ్బ ఇప్పటికీ గుర్తుంది.

ఇదంతా బారువా గారికి నాలుగు ముక్కల్లో చెప్పాను. ఆయన అసలు లెక్క అడగడానికి పడవ కంపెనీకి ఫోన్ చేశారు. అక్కడ ఆదివారం, ఎవరూ ఎత్తలేదు. పడవ ఇంకాస్త ఒరిగింది.

“రత్నం, అతను మామూలు లెక్క చెప్పి ఉండొచ్చు కదా? ప్రాణాల మీదికొచ్చినప్పుడు కూడా ఆచారం పాటిస్తారా?”

“ప్రాణాల మీదికొచ్చినప్పుడు కాక ఇంకెప్పుడు పాటిస్తారు సార్? దానికోసమే కదా అది పెట్టుకున్నది.”

“నీకు గట్టిగా తెలుసా?”

“నేను ఆ ఊళ్ల పిల్లనండీ. మీరు అస్సాంలో కూర్చుని తెలుసుకున్నది కాదు,” అని కసిరాను. పాపం ఆయన మళ్లీ తెర వైపు తిరిగారు. తెర మీద గుంపులోంచి ఒకడు రెండు చేతులూ ఊపి కిందికి చూపించాడు. చిల్లు చూపిస్తున్నాడనుకున్నాం. ఇంకొకడు కూడా కిందికే చూపించాడు. కనపడుతోందిలే నాయనా, వస్తున్నాం, అనుకున్నాను నేను.

“సరే,” అన్నారు బారువా గారు.

“సరే,” అన్నాను నేను. మీట నొక్కింది నేనే.

గొట్టంలోంచి తోడు దిగింది. చిల్లు చుట్టూ నీళ్లు ముందు పాలరంగుకు తిరిగాయి, తర్వాత తేటబడ్డాయి, తర్వాత కదలడం మానేశాయి. నిమిషం కూడా పట్టలేదు. ఒరుగుతున్న పడవ అక్కడే ఆగింది. బారువా గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నేను ఏడ్చాను, సంతోషం పట్టలేక ఏడ్చాను, దాచడమెందుకు. ఆరేళ్ల పని పదకొండు ప్రాణాలు నిలబెట్టింది అనుకున్నాను.

రెండు గంటల తర్వాత లాంచీ పడవ పక్కకు చేరింది. ఒక్కొక్కరూ నిచ్చెన దిగుతున్నారు. చెయ్యందించి, వీపు తట్టి, కంబళి కప్పి కూర్చోబెడుతున్నాను. పదో మనిషి పడవ నడిపే సరంగు దానయ్య. అరవై ఏళ్లుంటాయి, గడ్డమంతా మంచు. ఆయన దిగి ఇక పోదామన్నట్టు కూర్చున్నాడు.

“అణియంలో ఉన్నాయన దిగలేదు. బిగుసుకుపోయినట్టున్నాడు, నేనెక్కి తీసుకొస్తాను,” అన్నాను.

“ఆడెందుకమ్మా? ఆడు కొసరోడు.”

నాకు ఆ మాట చెవిన పడింది కానీ బుర్రకెక్కలేదు. నిచ్చెనెక్కి వెళ్లాను. నారింజరంగు కోటు, తలకు టోపీ, కాళ్లకు బూట్లు. లోపల పాత వల ముక్కలు కుక్కి, తాడుతో కమ్మీకి కట్టి కూర్చోబెట్టారు. ముఖం ఉండాల్సిన చోట ఉండగట్టిన వల. నేను ఆ కోటు పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

“ఏజెంటుకు పన్నెండని చెప్పినాం గదా, పన్నెండు కోట్లు ఇచ్చీసినారు,” అన్నాడు దానయ్య కిందనుంచి. “కోటు ఊరికే పడుంటే ఆడు లేడని సముద్రానికి తెలిసిపోద్ది. అందుకని తొడిగి కూకోబెట్టినాం.”

మా ఊళ్లో కోట్లెక్కడివి? మా కొసరోడు నోటిమాటలోనే ఉండేవాడు. వాడికి ఒళ్లుంటుందని నాకెలా తెలుస్తుంది? లెక్కలోంచి వాణ్ని తీసేశాను. తెర మీంచి తీయలేదు.

“మరి ముత్యాలు?” అన్నాను.

“కిందున్నాడు కదేటి. నువ్వు రమ్మన్నావని సెప్పినాడు. పంపు ఆపితే మునిగిపోద్ది, మీరు పైకెల్లండి అని మమ్మల్ని తోలీసినాడు. మీ ఎగిరీ యంత్రం వొచ్చినప్పుడు సేతులతో సూపించినాం కదమ్మా, కిందున్నాడని.” ఆయన నా ముఖం చూశాడు. “ఏటి? ఏటయ్యిందమ్మా?”

ఇంజిను గదికి నేనే దిగాను. బారువా గారు వద్దన్నారు, వినలేదు. తోడు వేసిన మంచు అద్దంలా తేటగా ఉంటుందని మా నివేదికల్లో గొప్పగా రాసుకున్నాం. టార్చి వేయగానే ముత్యాలు కనపడ్డాడు. నా వైపు వీపు. నీళ్లు ఛాతీ దాకా వచ్చినప్పుడు గడ్డకట్టాయి. తల, భుజాలు పైన ఉన్నాయి, తల ముందుకు వాలి ఉంది. చేతులు పంపు పిడి మీద. జారిపోకుండా నడుముకు తాడు బిగించి పంపుకు కట్టుకున్నాడు. మెడ మీద చెయ్యి పెట్టి చూశాను. నాడి లేదు. ఒళ్లు అప్పటికే రాయి.

అప్పటినుంచి నా మనసు మనసులో లేదు. ఆ నీళ్లలో మనిషి ఇరవై నిమిషాలు బతకడం కష్టం. మేం తోడు వేసేసరికి వైర్‌లెస్ ఆగి ఇరవై ఆరు నిమిషాలైంది. అంటే ముందే పోయాడా? ఆయన బరువైన మనిషి, అలవాటున్న మనిషి, పంపు ఆడిస్తూ ఒళ్లు వేడిగా ఉంచుకున్నవాడు. అంటే బతికే ఉన్నాడా? తాడు లేకపోతే నిలబడ్డాడు కాబట్టి బతికున్నాడనేదాన్ని. తాడుంది. బారువా గారు మెల్లగా, “ఒకవేళ తెలిసినా ఏం చేసేవాళ్లం? ఆగి ఉంటే పదిమందీ పోయేవారు,” అన్నారు. నిజమే. కానీ నేను ఆ సంగతి తెలిసి ఒప్పుకోవడం వేరు, లేడని వాదించి మీట నొక్కడం వేరు. ఆ తేడా ఏమిటని అడిగితే చెప్పలేను. తేడా మాత్రం ఉంది.

పోనీ బయటికి తీద్దామా అంటే అదీ కుదరదు. ఆయన చుట్టూ ఉన్న మంచే చిల్లుకు బిరడా. ఆవిరి పెట్టి కరిగిస్తే పడవ మునుగుతుంది. పలకలు అతికే సహాయ నౌక రావడానికి ఇరవై రోజులన్నారు. ఈలోగా పడవను లాక్కొచ్చి మా రేవు మంచుకు కట్టేశాం. ఆ పడవ ముత్యాలు పట్టుకుని ఉన్నందుకే తేలుతోందని దానయ్య అంటాడు. మాటకు అంటాడో, నిజంగానే అంటాడో తెలియదు.

నలుగురి వంటగదిలో ఇప్పుడు పద్నాలుగు మందికి అన్నం వండుతున్నాం. మొదటిరోజు దానయ్య తనవాళ్లకు కంచాలు పెట్టాడు. పన్నెండు పెట్టాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

“ఇవెవరికి దానయ్య మామా? అక్కడ మనిషి పోయి ఉంటే నీకింకా లెక్కలు కావాలా?”

ఆయన కోప్పడలేదు. “ఒడ్డెక్కీదాకా తియ్యకూడదమ్మా. కొసరోడిదీ తియ్యకూడదు, ముత్యాలుదీ తియ్యకూడదు. నీకు తెలవనిదేటి?”

పదిమందీ తిన్నారు. రెండు కంచాల అన్నం చల్లారిపోయింది. ఎవరూ నన్ను పల్లెత్తు మాట అనలేదు. తిడితే బాగుండేది. ఒకతను మాత్రం గిన్నెలు కడుగుతూ, “పెద్ద సదువులు సదివినావు కదమ్మా, మల్లీ ఒకపాలి పిలవలేకపోనావా?” అన్నాడు. పిలిచాను. ఎన్నిసార్లు పిలిచానో వైర్‌లెస్ పుస్తకంలో ఉంది. అతనికి చూపించబోయి మానేశాను.

వారానికోసారి ఉపగ్రహం ఫోన్ మాట్లాడనిస్తారు. అమ్మకు చేశాను. తను పక్కింటి కోడలి పురుడు సంగతి, ఎండుచేపల మీద వాన పడ్డ సంగతి చెబుతూ పోతుంటే అడ్డుపడి అంతా చెప్పేశాను.

“ఆల్ల ఇంట్లో సెప్పీసినావేటి?” అంది అమ్మ.

“ఇంకా లేదు. చెప్పాలి కదా.”

“పడవ ఒడ్డెక్కలేదు. సెప్పకూడదు.”

“అమ్మా, పోయిన మనిషిని ఉన్నాడనమంటావా?”

“ఉన్నాడనమన్నానేటి? లెక్క తియ్యకు అన్నాను. రెండూ ఒకటి కాదు.”

నాకు రెండూ ఒకటిలాగే కనపడ్డాయి. కాసేపయ్యాక కాదేమో అనిపించింది. బారువా గారేమో కంపెనీకి నివేదిక పంపేశారు, వాళ్లు ఎలాగూ కుటుంబానికి చెబుతారన్నారు. ఎవరో తెలియని గుమాస్తా ఫోన్లో చదివి వినిపించేకంటే నేనే చెప్పాలి. చెబితే మా ఊళ్ల లెక్కలో నేనే ఆయన్ని సముద్రానికి ఇచ్చినట్టు. ఇప్పటికే ఇవ్వలేదా? ఇలా వారం తిరిగింది.

ఈ రోజు నెయ్యిలపేటకు ఫోన్ కలిపించుకున్నాను. ముత్యాలు భార్య పేరు పైడమ్మ. లైనులో వెనకాల రేవు గోల వినపడుతోంది. చేపల తట్టల దగ్గరే ఉన్నట్టుంది.

“వదినా, నేను ఈతలపేట నూకరత్నాన్ని. మీవాళ్ల పడవ దగ్గర పనిచేస్తున్నాను.”

“తెలుసమ్మా. మీ అమ్మ మొన్న మా ఇంటికొచ్చింది,” అంది.

ఆ మాటకు నేను సిద్ధంగా లేను. మూడూళ్లు నడిచి వెళ్లి ఏం చెప్పిందో, చెప్పకుండా ఏం చెప్పిందో.

“వదినా, ఆ రోజు నీళ్లు గడ్డకట్టించింది నేనే. ఎవరో చెబితే చేసింది కాదు. నేనే లెక్కపెట్టాను. నేనే నొక్కాను.”

అవతల తట్ట దించిన చప్పుడైంది. కేకలు దూరమయ్యాయి. ఎక్కడో పక్కకు వెళ్లి నిలబడినట్టుంది. తిట్టమని మనసులో దండం పెట్టుకున్నాను.

“లెక్క అడగనమ్మా,” అంది చివరికి. “పడవ ఒడ్డెక్కీదాకా నేను అడక్కూడదు, నువ్వు సెప్పకూడదు. ఇంకొకటి అడుగుతాను, అది సెప్పు.”

“అడుగు వదినా.”

“ఆడికి సలి పడదు. మాగం నెల్లో రెండు దుప్పట్లు కప్పినా వణుకుతాడు. ఎల్లొద్దన్నాను, ఇనలేదు. అక్కడ ఆ నీల్లలో... బాగా సలేనా?”

నాకు తెలిసిన శాస్త్రమంతా ఒక్కసారి గుర్తొచ్చింది. నీరు గడ్డకట్టేటప్పుడు తనలో ఉన్న వేడిని బయటికి వదులుతుంది. తోడు పడ్డ నీరు మరీనూ. మా తొట్టిలో ఎన్నోసార్లు కొలిచాం.

“లేదు వదినా,” అన్నాను. “గడ్డకట్టేటప్పుడు నీళ్లు వెచ్చబడతాయి. నిజంగానే. నా పనే అది, నాకు తెలుసు. చలి పోతుంది.”

“ఎచ్చగుంటాదా?”

“ఉంటుంది.”

“ఎంతసేపమ్మా?”

నలభై సెకన్లు. ఆరేళ్లలో ఒక్క సెకను కూడా అటూ ఇటూ కాలేదు.

“చాలాసేపు,” అన్నాను.